మబ్బులు చూడ్డానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. చింతపల్లి దగ్గర ఏజెన్సీలో మీది అరవై గడపల ఊరు. వెనక ఉన్న కొండెక్కితే చలికాలం తెల్లవారుజామున మబ్బులు కాళ్ల కింద పరుచుకుని కనిపిస్తాయి. రెండేళ్ల కిందట ఎవరో వీడియో పెట్టారు. అప్పటినుంచి నవంబరు వస్తే చాలు, శనివారం రాత్రికి కార్లు, బైకులు ఊరి మధ్యదాకా వచ్చేస్తున్నాయి. మీ ఈడు కుర్రాళ్లు టెంట్లు, హోమ్‌స్టేలు పెడదామంటున్నారు. పెద్దవాళ్లు సరేననీ అనడం లేదు, వద్దనీ అనడం లేదు. "టూరిజం పెరిగితే ఊళ్లోవాళ్ల సంతోషం పెరుగుతుందా, తగ్గుతుందా? ఎక్కడైనా లెక్క తేల్చారా?" అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా పాడేరు, అరకు, చింతపల్లి వైపు డ్వాక్రా సంఘాలకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. ఇంటికొచ్చిన అతిథికి వండిపెట్టడం, రేటు మొహమాటం లేకుండా చెప్పడం, లెక్క రాయడం నేర్పిస్తాను. మధ్యమధ్యలో ఊళ్లలో సర్వేలూ చేశాను. కాబట్టి చెప్పబోయేదాంట్లో పుస్తకాల్లోది కొంత, కళ్లతో చూసింది ఎక్కువ.

ముందే సూటిగా చెప్పేస్తాను. ఎంతమంది వస్తున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు అన్న రెండు అంకెలతో ఊరి సంతోషం తేలదు. నేను చూసిన ఊళ్లలో తేడా తెచ్చింది ఒక్కటే: వచ్చేవాళ్లను ఎక్కడ ఆపాలో, ఎప్పుడు రానివ్వాలో, ఎప్పుడు "ఈ వారం కుదరదు" అనాలో నిర్ణయించే చెయ్యి ఊరిదా, బయటివాళ్లదా అన్నది. చెయ్యి ఊరిదైతే తక్కువ డబ్బుతోనూ జనం హాయిగానే ఉన్నారు. ఊరిది కాకపోతే ఎక్కువ డబ్బు వచ్చినచోట కూడా విసుక్కుంటున్నారు.

ఇది మీకు కొత్త సంగతేమీ కాదు. మన గిరిజనుల ఇటుకల పండుగప్పుడు ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్రో తాడో పట్టుకుని, పాట పాడి, వచ్చిన ప్రతి బండినీ ఆపి పజోరు, అంటే పండుగ మామూలు, అడుగుతారు కదా. ఇచ్చిన పది రూపాయలు తీసుకుని నవ్వుతూ తాడు దించుతారు. అదే రోడ్డు మీద డిసెంబరు ఆదివారం నాడు వందల బళ్లు పోతుంటే అదే ఆడవాళ్లు కట్టెల మోపుతో పక్కకు ఒదిగి నిలబడతారు, మొహాన దుమ్ము కొట్టించుకుంటూ. వచ్చేది అవే కార్లు, దిగేది అదే మైదానం మనుషులు. మొదటిసారి తాడు వాళ్ల చేతిలో ఉంది, రెండోసారి లేదు. మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు మొత్తం ఆ తాడులోనే ఉంది. మిగతాది వివరం.

ఇక లెక్క సంగతి. సంతోషాన్ని కొలవడం అంటే నవ్వొస్తుంది గానీ, పద్ధతులు ఉన్నాయి. అన్నిటికంటే తేలికైనది నిచ్చెన పద్ధతి. హ్యాడ్లీ క్యాంట్రిల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1965లో పెట్టినది, ప్రపంచ సంతోష నివేదిక 2012 నుంచీ వాడుతున్నది ఇదే. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకోమంటారు. పైమెట్టు మీకు సాధ్యమైన మంచి బతుకు, కిందిది అతి కష్టమైన బతుకు, ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు అని అడుగుతారు. నేను ఊళ్లలో నేల మీద సుద్దతో గీసి, చింతపిక్క పెట్టమనేదాన్ని. చదువు రాకపోయినా ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

కానీ ఈ నిచ్చెనతో ఒక చిక్కుంది. బతుకంతా కలిపి ఎలా ఉందో చెబుతుంది గానీ, నిన్న రోజు ఎలా గడిచిందో చెప్పదు. టూరిజం వచ్చిన ఊళ్లలో ఈ రెండూ విడిపోతాయి. ఇంటికి స్లాబ్ పడింది, పిల్ల విశాఖలో చదువుతోంది, కాబట్టి చింతపిక్క ఏడో మెట్టు మీద పెడతారు. "నిన్న సరిగా నిద్రపోయావా? నిన్న ఎవరిమీదైనా చిరాకు పడ్డావా? తీరుబాటుగా కూర్చుని నలుగురితో మాట్లాడావా?" అని అడిగితే జవాబు వేరుగా వస్తుంది. రెండు రకాల ప్రశ్నలూ అడగని సర్వేను నేను నమ్మను.

ఇంకో సంగతి, ఎక్కడ అడుగుతున్నామన్నది. రచ్చబండ దగ్గర మగవాళ్ల మధ్య అడిగితే "బాగుందండి, నాలుగు డబ్బులొస్తున్నాయి" అంటారు. అదే ఊళ్లో కుళాయి దగ్గర ఆడవాళ్లను అడిగాను ఒకసారి. ఒక పెద్దావిడ బిందె దించి, "మీ ఇంటి చుట్టూ రాత్రంతా పాటలు పెట్టుకుని గెంతితే మీకు బాగుంటుందా అమ్మా?" అని నన్నే అడిగింది. రెండు జవాబులూ నిజమే. సగటు తీస్తే రెండూ చెరిగిపోతాయి.

డబ్బు గురించి ఇప్పుడు. డబ్బు వస్తే సంతోషం రాదు అని నీతులు చెప్పే వాళ్ల మాట పట్టించుకోకండి. లేమి ఉన్నచోట డబ్బు వస్తే సంతోషం పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. అరకు వైపు వలిసెలు పూసినప్పుడు చూడండి. కొండ వాలంతా పసుపచ్చగా మారుతుంది, జనం ఫోటోల కోసం చేలో దిగిపోయి మొక్కలు తొక్కేసేవాళ్లు. ఏ రైతు మొదలుపెట్టాడో గానీ, చేను చుట్టూ తడక కట్టి, మనిషికి పదో ఇరవయ్యో తీసుకుని లోపలికి పంపడం మొదలుపెట్టారు. నూనె గింజ మీద ఎకరానికి వచ్చేది కొంచెమే, దానికి ఈ డబ్బు తోడు. అంతకంటే ముఖ్యం, చేను ఎవరిదో వచ్చినవాళ్లకు తెలిసింది. ఆ రైతు మొహంలో నేను చూసింది లాభం వల్ల వచ్చిన సంతోషమే కాదు. తన చేలోకి తను రానిస్తే వస్తున్నారన్న తృప్తి కూడా ఉంది.

తేడా వచ్చేది పంపకం దగ్గర. రిచర్డ్ ఈస్టర్లిన్ అనే ఆర్థికవేత్త 1974లోనే ఒక మాట తేల్చాడు. ఒక దేశంలో డబ్బున్నవాళ్లు లేనివాళ్లకంటే సంతోషంగా ఉంటారు. కానీ దేశం మొత్తం ఆదాయం ఏళ్ల తరబడి పెరిగినా, సంతోషం ఆ మేరకు పెరగదు. మనిషి తన సంపాదనను పక్కవాడితో పోల్చుకుంటాడన్నది దానికి చెప్పే ఒక ముఖ్యమైన కారణం. దీని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి, అవి వదిలేయండి. అరవై గడపల ఊళ్లో ఈ పోలిక ఎంత పదునుగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా అందరివీ పెంకుటిళ్లే, అందరిదీ చోడి (రాగి) అంబలే. రోడ్డు పక్క జాగా ఉన్న నాలుగు ఇళ్లకు టూరిజం డబ్బు వచ్చింది. గెడ్డ (వాగు) అవతల ఉన్న ఇళ్లకు దుమ్ము, చప్పుడు వచ్చాయి. ఊరి మొత్తం ఆదాయం పెరిగింది, నిజమే. కానీ నేను చూసిన ఒక ఊళ్లో రెండో ఏటికే అన్నదమ్ముల ఇళ్ల మధ్య మాటలు పోయాయి. కారణం వింటే చిన్నదిగా ఉంటుంది: తమ్ముడి అతిథుల బళ్లు అన్న కళ్లంలో పెట్టారు.

కళ్లం అన్నాను కాబట్టి, అసలు మన వైపు పెద్ద చిక్కు చెప్పాలి. బయటి నుంచి వచ్చే కన్సల్టెంట్లు ఎవరూ దీన్ని పట్టించుకోగా నేను చూడలేదు. మన టూరిస్టు సీజన్ అక్టోబరు చివర మొదలై ఫిబ్రవరితో అయిపోతుంది. వరి కోతలు, నూర్పిళ్లు ఎప్పుడు? అప్పుడే. కాఫీ పండు కోసేది? నవంబరు నుంచి, అదీ అప్పుడే. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చాక మంచి ధర కావాలంటే పండిన పండు మాత్రమే ఏరి కోయాలి, ఒకే చెట్టుకు మూడు నాలుగు సార్లు తిరగాలి. చెట్టు మీద పండు ఆగదు. శనివారం మధ్యాహ్నం ఇంటికి పది మంది అతిథులొస్తారని కోత మానేస్తే పండు ఎండిపోతుంది, ధర పడిపోతుంది. అతిథులను మానేస్తే చేతికొచ్చే రొక్కం పోతుంది. రెండూ చేద్దామనుకుంటే ఏమవుతుంది? ఇంటి ఆడమనిషి రెండున్నరకు లేస్తుంది.

ఇది పెంచి చెప్పడం కాదు. మబ్బులు చూసేవాళ్లు నాలుగింటికి కొండెక్కాలి, అంతకుముందు వాళ్లకు టీ కావాలి. టీ పెట్టాలంటే పొయ్యి వెలగాలి, నీళ్లు ఉండాలి. వాళ్లు దిగొచ్చేసరికి ఉప్మా. ఆ తర్వాత దుప్పట్లు ఉతకడం. మధ్యాహ్నానికి కాఫీ తోట. సాయంత్రం కొత్త బ్యాచ్‌కు బొంగులో చికెన్, చలిమంట. మగవాళ్లు ఫోన్‌లో బుకింగులు చూసుకుంటారు, డబ్బు వాళ్ల ఫోన్‌లోకే వస్తుంది. భూటాన్ వాళ్లు తమ స్థూల జాతీయ సంతోషాన్ని తొమ్మిది అంశాల మీద లెక్కగడతారు. ఆదాయం, ఆరోగ్యం లాంటివాటితో పాటు "సమయం ఎలా గడుస్తోంది" అన్నది కూడా అందులో ఒకటి. ఎంత పని, ఎంత నిద్ర అని విడిగా అడుగుతారు. మన దగ్గర హోమ్‌స్టే లాభం లెక్క వేసేటప్పుడు ఆ ఇల్లాలి నిద్రను ఎవరూ ఖర్చు కింద రాయరు. మీరు లెక్క వేసేటప్పుడు రాయండి.

మంచి జరగదా అంటే, చాలానే జరుగుతుంది. చిన్నచూపు చూడకండి. మన మన్యంలో నెలలు నిండిన ఆడపిల్లను డోలీ కట్టి మోసుకెళ్లే ఊళ్లు ఇంకా ఉన్నాయి. టూరిస్టుల పుణ్యమా అని రోడ్డు పడితే అదే రోడ్డు మీద అంబులెన్సు వస్తుంది. సెల్ టవర్ వస్తుంది. నేను మాట్లాడిన ఆడవాళ్లలో చాలామంది సంతోషానికి మొదటి కారణంగా డబ్బు చెప్పలేదు, రోడ్డు చెప్పారు. ఇంకొకటి, పిల్లలు. ఇటుక బట్టీలకు, చెన్నై కంపెనీలకు పోవాల్సిన కుర్రాడు ఊళ్లోనే గైడుగా నాలుగు నెలలు, పొలంలో ఎనిమిది నెలలు గడిపితే ఆ ఇంట్లో తల్లి ఎన్ని మెట్లు పైకెక్కుతుందో ఏ నిచ్చెనా సరిగ్గా చూపించలేదు.

గర్వం కూడా ఉంటుంది. అది రెండు వైపులా పదునున్న కత్తి. మన గిరిజనుల నాట్యం థింసా ఆడమని డబ్బిచ్చి పిలుస్తారు. మొదటి రెండేళ్లు అందరూ ముచ్చటగా ఆడతారు, మర్చిపోయిన అడుగులు ముసలివాళ్లను అడిగి నేర్చుకుంటారు. తర్వాత అదే ఆట రిసార్టు లాన్‌లో, తాగిన గుంపు ముందు, రోజుకు మూడుసార్లు ఆడాల్సొస్తుంది. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని మధ్యలో దూరి సెల్ఫీ దిగుతారు. ఒక అమ్మాయి నాతో అంది, "పండక్కి ఆడితే కాళ్లు నొప్పెట్టవు అక్కా, ఇక్కడ పది నిమిషాలకే నొప్పెడతాయి." దీనికి ఇంతకంటే మంచి వివరణ నేను ఏ పరిశోధన పత్రంలోనూ చదవలేదు.

పరిశోధన అన్నాను కాబట్టి ఒకటి చెప్పి వదిలేస్తాను. జార్జ్ డాక్సీ అనే ఆయన 1975లో, టూరిజం పెరిగేకొద్దీ ఊరి మనసు నాలుగు దశల్లో మారుతుందన్నాడు. మొదట సంబరం, తర్వాత పట్టనట్టు ఉండటం, తర్వాత చిరాకు, చివరికి పగ. ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు. పూర్తిగా ఒప్పుకోను నేను. ఊరు ఒక మనిషి కాదు. ఒకే రోజు ఒకే వీధిలో సంబరపడేవాడూ, పగబట్టినవాడూ ఎదురుబొదురు ఇళ్లలో ఉంటారు. అయితే ఒక హెచ్చరికగా ఆయన మాట పనికొస్తుంది: మొదటి రెండేళ్ల సంబరాన్ని చూసి "ఊరు ఒప్పుకుంది" అని రాసేసుకోకూడదు. మీ ఊరు ఇప్పుడు ఆ రెండేళ్ల చివర్లో ఉంది. పెద్దవాళ్లు ఏమీ అనడం లేదన్నారు చూడండి, అది ఒప్పుకోలు కాదు.

భూమి విషయానికొస్తే మిగతా దేశంలో చాలా ఊళ్లకు లేని రక్షణ మనకు ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకుండా 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టిచేసిన 1970 నాటి సవరణ, అదే మనం 1/70 అనేది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వకూడదంది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, మన అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద. కాగితం మీద ఇంత బలం ఉంది. మరి రోడ్డు వెంట ఆ రిసార్టులన్నీ ఎవరివి అంటే, చాలాచోట్ల పట్టా పేరు గిరిజనుడిది, పెట్టుబడి, లాభం మైదానం వాళ్లది. పేరు ఇచ్చినాయన అదే రిసార్టులో వాచ్‌మన్‌గా నెల జీతానికి ఉండటం నేను చూశాను. ఆయన నిచ్చెన మీద చింతపిక్క ఎక్కడ పెట్టాడో అడగకండి. నెలనెలా జీతం వస్తోంది, పస్తులు లేవు, అయినా మూడో మెట్టు.

అందుకే మీ కుర్రాళ్లకు ముందు ఈ మాట చెప్పండి. "మీ జాగా, మా పెట్టుబడి, సగం సగం" అని ఎవరైనా స్టాంపు పేపరుతో వస్తే, ఊరంతా కూర్చున్న గ్రామసభలో చదివించకుండా వేలిముద్ర వేయొద్దని. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం, అదే పీసా, 1996లో వచ్చింది, మన రాష్ట్ర నియమాలు 2011లో వచ్చాయి. గ్రామసభకు అది ఇచ్చిన బలాన్ని మనం ఇసుకకో, గొడవలకో తప్ప టూరిజానికి వాడుకున్నది తక్కువ.

వేరే చోట్ల ఎలా ఉందో చూద్దాం. మీరు పోచంపల్లి పేరు ఎత్తారు. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. హైదరాబాదుకు దగ్గర, వచ్చినవాళ్లు పొద్దున వచ్చి సాయంత్రం పోతారు, రాత్రి ఊరు ఊరిదే. 1951లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చిన ఊరు, చెప్పుకోవడానికి కథ ఉంది. మంచి విషయమే. కానీ పోచంపల్లి బతుకు నిలబడింది మగ్గం మీద, టూరిస్టు మీద కాదు. ఇక్కత్‌కు చిటికి కట్టే చేతికి, ఆసు పోసే చేతికి కూలి ఎంత దక్కుతుంది, నూలు, పట్టు ధర ఎంత ఉంది అన్నదాన్ని బట్టే అక్కడి ఇళ్లలో సుఖం, దుఃఖం. వచ్చినవాళ్లు మగ్గం చూస్తారు, ఫోటో తీస్తారు, చీర షాపులో కొంటారు. నాకు అందులోంచి తోచింది ఏమిటంటే, టూరిజం పక్క ఆదాయంగా ఉన్న ఊరికి ఒక ధీమా ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన దగ్గర కూడా ఇదే చూశాం. పొలం, తోట వదలనివాళ్లు అంబలి తాగి తట్టుకున్నారు. అప్పుచేసి గదులు కట్టి, తోట కౌలుకిచ్చేసినవాళ్లు టెన్షన్‌తో కుంగిపోయారు.

నాకు బాగా నచ్చింది కేరళలో కుమరకోం. వేంబనాడు సరస్సు ఒడ్డున పెద్ద పెద్ద రిసార్టులు వచ్చేశాయి, ఊళ్లోవాళ్లకు దక్కింది తక్కువ, గొడవలయ్యాయి. 2008 ప్రాంతంలో బాధ్యతాయుత పర్యాటకం పేరుతో పంచాయతీ, కుటుంబశ్రీ మహిళా సంఘాలు, హోటళ్లు ఒకచోట కూర్చున్నాయి. హోటళ్లు కూరగాయలు, గుడ్లు, చేపలు ఊళ్లోవాళ్ల దగ్గరే కొనాలి, ధర కమిటీ తేలుస్తుంది. బీడు పడ్డ పొలాలు మళ్లీ సాగులోకి వచ్చాయి. కొబ్బరి పీచు తాడు పేనడం, చాపలల్లడం చూపించే ఇళ్లకు అతిథులను వంతులవారీగా పంపుతారు. 2013 సంవత్సరానికి దానికి ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ యులిసిస్ పురస్కారం కూడా వచ్చింది. అక్కడంతా స్వర్గమని నేననను, హౌస్‌బోట్ల మురికి సంగతి ఆ సరస్సునడిగితే చెబుతుంది. కానీ గది ఒక్కటీ కట్టకుండా, టూరిస్టు మొహం కూడా చూడకుండా, కేవలం బెండకాయలు అమ్మి ఒక ఇల్లు లాభపడటం నేను అక్కడే మొదటిసారి చూశాను. మనకైతే రాజ్‌మా, మిరియాలు, పసుపు, నాటుకోళ్లు, చోళ్లు ఉన్నాయి. ఇప్పుడు మన రోడ్డు మీద టూరిస్టు తినే గుడ్డు కూడా చాలావరకు మైదానం నుంచే వస్తోంది.

భూటాన్ గురించి కూడా అడిగారు. వాళ్లు 1974లో విదేశీయులకు తలుపు తెరిచినప్పటినుంచీ తక్కువమంది, ఎక్కువ విలువ అనే దారిలో ఉన్నారు. ఇప్పుడు రోజుకు విదేశీయుల దగ్గర 100 డాలర్లు, భారతీయుల దగ్గర 1,200 రూపాయలు రుసుము తీసుకుంటున్నారు. అది దేశం చేయగల పని. మీ ఊరు వీసా పెట్టలేదు, పార్కింగ్ పెట్టగలదు. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే ఊళ్లో ఉండేది 800 మందిలోపు, సీజన్‌లో రోజుకు వచ్చేది పది వేలమంది దాకా. 2023లో విసిగిపోయి సెల్ఫీలు దిగేచోట చెక్క కంచె కట్టేశారు, గొడవయ్యాక తీసేశారు. అంత డబ్బున్న దేశంలో, అంత పెద్ద వ్యవస్థ ఉన్నచోట కూడా చివరికి కంచె దాకా పోయింది వ్యవహారం.

మనకు దగ్గర ఉదాహరణ వంజంగి. పాడేరు పక్కన కొండ, నాలుగైదేళ్లలో ఎలా మారిందో మీకు తెలుసు. ప్లాస్టిక్ సీసాలు, బిర్యానీ డబ్బాలు, పగిలిన గాజు సీసాలు. పశువులు మేసే వాలు అది. గాజుముక్క కాలికి గుచ్చుకున్న దుక్కిటెద్దును రైతు పది రోజులు ఇంట్లో కట్టేసుకుంటే ఆ నష్టం ఏ టూరిజం లెక్కలోకీ రాదు. నీళ్లు కూడా అంతే. గ్రావిటీ పథకంలో ఊట నుంచి పైపు వేసుకున్న ఊళ్లో రెండు వందలమంది మనుషులకు సరిపోయే ధార ఉంటుంది. శనివారం రాత్రి మూడు వందలమంది వచ్చి పడితే ఆదివారం పొద్దున మీ అమ్మ ఖాళీ బిందెతో గెడ్డకు పోవాలి. ఎండాకాలం కాకపోయినా.

మరి ఏం చేయాలంటే, అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ నవంబరుకు ముందు నేనైతే ముందుగా బళ్లను ఊళ్లోకి రానివ్వను. ఊరికి అర కిలోమీటరు ముందు ఎవరిదైనా మెట్ట ఉంటే అక్కడే ఆపించి, పార్కింగ్ రుసుము గ్రామ సమాఖ్య పేరుతో తీసుకోండి. జాగా ఇచ్చినవాళ్లకు వాటా, మిగతాది ఊరుమ్మడి ఖాతాకు. ఈ ఒక్క పనితో దుమ్ము, హారన్లు, కళ్లంలో బళ్ల గొడవ, సగం తాగుడు ఊరి బయటే ఆగిపోతాయి. పైగా అక్కణ్నుంచి నడిచి వచ్చేవాళ్లకు దారి చూపే కుర్రాళ్లకు పని. కొండ అటవీ భూమిలో ఉంటే అటవీ శాఖతో మాట్లాడకుండా పైన టెంటు గుంజ కూడా పాతొద్దు. వన సంరక్షణ సమితి ఉంటే దాని ద్వారా వెళ్లండి, మారేడుమిల్లి వైపు ఆ దారిలో నడిచిన క్యాంపులు ఉన్నాయి, వెళ్లి చూసి రండి.

గదుల విషయంలో వంతులు పెట్టుకోండి. వచ్చిన అతిథి తనకు నచ్చిన ఇల్లు ఎంచుకోవడం కాదు, ఈ వారం ఎవరి వంతైతే వాళ్లింటికి. మొదట్లో స్లాబ్ ఇల్లున్నవాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకునేదాకా మొదలుపెట్టకపోవడమే మంచిది, ఎందుకంటే ఒకసారి నాలుగు ఇళ్లు పైకెళ్లాక వంతులు పెట్టడం ఎవరి వల్లా కాదు. కాఫీ కోత ఉధృతంగా ఉండే వారాల్లో రాత్రి బస వద్దని రాసి పెట్టండి. ఫోన్ చేసినవాళ్లకు "మా ఊళ్లో పండ్ల కోత, వచ్చే నెల రండి" అని చెప్పించండి. ఒక్కసారి అలా చెప్పి చూడండి, చెప్పిన మనిషి నడక మారుతుంది.

డబ్బు ఎవరి ఫోన్‌కు వస్తోందన్నది కూడా తేల్చుకోండి. వండేది, ఉతికేది ఆమె అయితే ఖాతా ఆమెదే కావాలి. లెక్క నెలకోసారి సంతరోజు సాయంత్రం అందరి ముందు గట్టిగా చదవాలి. నేను చూసిన సంఘాల్లో దొంగతనం వల్ల విరిగినవాటికంటే, దొంగతనం జరిగిందేమోనన్న అనుమానం వల్ల విరిగినవే ఎక్కువ.

చివరగా, మీరు అడిగిన లెక్క మీరే మొదలుపెట్టండి. ఈ అక్టోబరులో, సీజన్ రాకముందే, అరవై గడపల్లో గడపకు ఒక మగ, ఒక ఆడ మనిషిని విడివిడిగా అడగండి. నిచ్చెన ఒకటి, నిన్నటి నిద్ర, నిన్నటి చిరాకు, నిన్నటి తీరుబాటు, నీళ్లకు పట్టిన సమయం. మళ్లీ జనవరిలో ఒకసారి, మళ్లీ ఎండాకాలంలో ఒకసారి. టూరిజం మీద సంపాదించే ఇళ్లను, సంపాదించని ఇళ్లను విడిగా రాసుకోండి, కలిపి సగటు తీయొద్దు. పేర్లు రాయకండి, లేకపోతే నిజం చెప్పరు. ఆడవాళ్లను ఆడపిల్లలే అడగాలి, కుళాయి దగ్గరో, తోటలోనో. జనవరిలో సంపాదించని ఇళ్ల చింతపిక్కలు అక్టోబరు కంటే కిందికి జారి కనిపిస్తే, అది పార్కింగ్ రుసుములో వాళ్ల వాటా పెంచాలన్న గుర్తు. ఆడవాళ్ల నిద్ర తగ్గితే అతిథుల సంఖ్య తగ్గించాలన్న గుర్తు.

పెద్దవాళ్లు ఏమీ అనడం లేదన్నారు కదా, వాళ్లను సభలో అడగకండి. సాయంత్రం చలిమంట దగ్గర కూర్చుని, కొండ మీదికి ఏ రోజుల్లో ఎవరూ పోకూడదో, దేవత ఉండే చోటు ఏదో, పశువులు ఏ నెలలో ఎటు మేస్తాయో అడిగి రాసుకోండి. మీరు టూరిస్టులకు పెట్టబోయే బోర్డు మీద మొదటి మూడు వాక్యాలు అక్కడే దొరుకుతాయి. అక్టోబరు సర్వే అయ్యాక కాగితాలు ఫోటో తీసి పెట్టండి, ఎలా చదవాలో కూర్చుని చూద్దాం.